వెండిపనిలో మేటి వేంట్సెల్ యామ్నిట్సర్

కడప జిల్లాలో పెన్నానది చెంత ప్రొద్దుటూరు పట్టణము కలదు. బంగారు వెండి వర్తకమునకు ఆ పట్టణము పెట్టినది పేరు. జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలోని పల్లెలనుండి పెండ్లి తలపెట్టినవారు నగలకొఱకు అచ్చటికి వచ్చుచుందురు. దసరా దినములలో కన్యకాపరమేశ్వరీ అమ్మవారికి చేయు అలంకారములను చూచుటకు జనము తిరునాళ్లకువలె కూడుదురు. అంగళ్లలోని అద్దాల బీరువాలలో నగలు తళతళలాడుచుండును గాని, వానికి రూపు దిద్దిన చేతులు మనకు కానరావు. కొలిమి, మూస, పట్టకారు, దాగలి, చిన్న సుత్తి, ఊదుగొట్టము, గీటురాయి, ఇవియే ఆ చేతుల ఆస్తి.

అట్టి యంగడిలో ఒక చిన్న సంగతి గమనింపదగి యుండును. వస్తువునకు వెల కట్టునప్పుడు వర్తకుడు రెండు లెక్కలు వేయును. ఒకటి లోహపు తూకము. రెండవది పనివానికి చెల్లవలసిన మజూరీ. ఏ అవ్వయో తన పాత కమ్మలను తెచ్చి మార్చుకొనదలచినచో, వానిని గీటురాయిపై గీసి, త్రాసులో తూచి, తుదకు మూసలో వేసి కరగింతురు. తరుగు పోను లోహము తిరిగి వచ్చును. మజూరీ తిరిగి రాదు. దినములకొలది వంగి కూర్చుండి చెక్కిన ఆకులు, లతలు, చిలుకలు గడియలో కరగి ముద్దయగును.

లోహము గొప్పదా, పని గొప్పదా? ఈ ప్రశ్న మన యూరి యంగడికి మాత్రమే చెందినది కాదు. సుమారు నాలుగువందల యేబది యేండ్లక్రిందట జర్మనీ దేశమున వెండి పానపాత్రలు చేసి చక్రవర్తుల మెప్పు పొందిన ఒక కంసాలి యుండెను. ఆయన బ్రతికిన నాళ్లును, ఆయన గతించిన పిమ్మట ఆయన పనులకు పట్టిన గతియు ఈ ప్రశ్నకే సమాధానమును వెదకుచున్నట్లు తోచును. ఆయన పేరు వేంట్సెల్ యామ్నిట్సర్.

యామ్నిట్సర్ 1507-08 ప్రాంతమున ఆస్ట్రియా దేశపు వియన్నా నగరమున జన్మించెను. అప్పటికి మనదేశమున శ్రీకృష్ణదేవరాయలు ఇంకను సింహాసన మెక్కలేదు. ఆయన పట్టాభిషేకము 1509లో జరిగెను. జమ్మలమడుగు సమీపమున పెన్నలోయపై నిలిచిన గండికోట విజయనగర సామ్రాజ్యమునకు కాపుగా నుండెను. యామ్నిట్సర్ తండ్రి హాన్స్ కూడ కంసాలియే. కులవిద్య తండ్రినుండి కొడుకునకు సంక్రమించుట మన దేశమునందేగాక ఆ దేశమునందును వాడుకయై యుండెను. సుత్తి చప్పుడు వినుచు, కొలిమి వెలుగు చూచుచు పెరిగిన బాలుడు ఆ పనినే తన పనిగా చేసికొనెను. యౌవనమున అతడు సోదరుడైన అల్బ్రెఖ్ట్‌తో కలిసి వియన్నా విడిచి న్యూరెంబర్గ్ నగరమున స్థిరపడెను.

ఆ కాలమున న్యూరెంబర్గ్ పనివాండ్రకు పుట్టినిల్లువంటిది. దానిని ప్రత్యేకముగా ఏలు రాజు లేడు. అది చక్రవర్తికి మాత్రమే లోబడి, వర్తక కుటుంబములవారు కూడిన సభచేత పాలింపబడు నగరము. 1492లో మార్టిన్ బెహైమ్ అనువాడు భూమి రూపమును చూపు గోళమును అచ్చటనే చేయించెను. నేడు లోకమున మిగిలియున్న భూగోళములలో అదియే మిక్కిలి పాతది. మహాచిత్రకారుడైన ఆల్బ్రెఖ్ట్ డ్యూరర్ ఆ యూరివాడే. ఆయన తండ్రి కంసాలి. కుమారుడును మొదట ఆ పనియే నేర్చి, తరువాత కుంచె చేపట్టెను. డ్యూరర్ కంసాలులకొఱకు పానపాత్రల నమూనాలు గీయుటయేగాక, 1525లో కొలతలను గూర్చియు, రేఖాగణితమును గూర్చియు ఒక గ్రంథము ప్రకటించెను. చేతిపనియు శాస్త్రజ్ఞానమును ఒకే వీథిలో కాపుర మున్న నగర మది.

వెండికిని అచ్చట కొదువ లేదు. సాక్సనీ, బొహీమియా కొండలలోని గనులనుండి వెండి విస్తారముగా వచ్చుచుండెను. బొహీమియాలోని యోహాకిమ్స్‌టాల్ అను లోయలో వెండి దొరకగా, అచ్చట కొట్టిన నాణెములకు టాలర్ అను పేరు వచ్చెను. నేడు మనము వినుచున్న డాలర్ అను మాట దానినుండి పుట్టినదే. ఇంతలో 1525లో న్యూరెంబర్గ్ నగరము లూథరు మతమును స్వీకరించెను. అంతవరకు దేవాలయములకు వలయు పాత్రలు చేయుచుండిన కంసాలులకు ఆ పని తగ్గిపోయెను. దానికి మారుగా ధనికుల భోజనశాలలకును, నగరసభ యిచ్చు కానుకలకును వలయు పాత్రల పని పెరిగెను. చక్రవర్తి నగరమునకు వేంచేసినప్పుడు బంగారుపూత పూసిన వెండి పాత్రను సమర్పించుట ఆచారము. కొన్ని వేళల ఆ పాత్రను బంగారు నాణెములతో నింపి యిచ్చుచుండిరి.

ఈ పాత్రలు త్రాగుటకు ఏర్పడినవే యైనను, వానిలో పెక్కింటిని త్రాగుటకు వాడుట అరుదు. విందు జరుగునప్పుడు వానిని మెట్లు మెట్లుగా అమర్చిన బల్లలపై నిలిపి అతిథులకు చూపుచుండిరి. అవి ఇంటివారి గౌరవమునకు గుఱుతులు. అంతేకాదు, అవి దాచుకొనిన ధనము కూడ. యుద్ధమో, అప్పులో వచ్చిపడినప్పుడు వానిని కరగించి నాణెములుగా మార్చుకొనవచ్చును. కంసాలి ఎంత నేర్పుతో చేసినను, తన పని ఏనాడైనను మూసలో పడవచ్చునని యెఱిగియే చేయవలసి యుండెను.

న్యూరెంబర్గ్‌లో కంసాలిగా అంగడి తెఱచుట సులభము కాదు. శిష్యుడుగా ఏండ్లతరబడి గురువు నొద్ద పనిచేయవలెను. తరువాత కూలిపనివాడుగా మఱికొన్ని యేండ్లు గడపవలెను. అటుపిమ్మట పెద్దలయెదుట పరీక్షకు నిలువవలెను. ఆ పరీక్షలో మూడు వస్తువులు చేయవలసి యుండెను. రాయి పొదిగిన బంగారుటుంగర మొకటి. ముద్ర వేయుటకు వలయు అచ్చు మఱియొకటి. మూడవది ఆకెలై పాత్ర. ఆకెలై యనునది ఆ దేశపు తోటలలో తలక్రిందుగా వ్రేలాడు గంటవంటి పూవు. ఆ పూవు రూపమున, చుట్టును ఉబ్బెత్తు రేకులు తేలునట్లు, నడుము సన్నగించి వెండిరేకును సుత్తితో సాగగొట్టి పాత్ర చేయవలెను. ఒక్క దెబ్బ తప్పినచో రేకు చిట్లును. ఎందఱో యువకులు ఈ పాత్రయొద్దనే తప్పిపోవుచుండిరి.

లోహపు మేలిమి విషయమునను కట్టుబాట్లు కఠినముగా నుండెను. మనవారు మేలిమి బంగారమును పదునాఱు వన్నెల బంగార మందురు గదా! ఆ దేశమున వెండికి అట్టి లెక్కయే యుండెను. కల్తీలేని వెండిని పదునాఱు పాళ్లుగా ఎంచుచుండిరి. ఉత్త వెండి మెత్తనిది గావున కొంత రాగి కలుపక తప్పదు. న్యూరెంబర్గ్ పాత్రలలో పదునాఱింట పదునాలుగు పాళ్లు వెండి యుండవలెనని నియమము. అనగా వేయింట 875 పాళ్లు. పరీక్షాధికారులు పాత్ర అడుగున కొంచెము వెండి గీకి పరీక్షించి, సరిగా నున్నచో నగరపు గుఱుతైన ఎన్ అను అక్షరమును ముద్రింతురు. దాని ప్రక్కన పనివాని ముద్ర యుండును. యామ్నిట్సర్ ముద్ర సింహపు తలయు, తన పేరులోని మొదటి యక్షరమును గలది. ఆ ముద్రల మూలముననే ఏ పాత్ర ఎవరి చేతిదో నేటికిని పండితులు చెప్పగలుగుచున్నారు.

1534లో యామ్నిట్సర్ ఆ నగరమున పౌరుడై, కంసాలులలో ఆచార్యపదవి నందెను. ఆ యేటనే అన్నా యను కన్యను వివాహమాడెను. సోదరు లిరువురును ఒకే పనిశాలలో పని సాగించిరి. ఒకరి పని యేది, మఱియొకరి పని యేది యని వేఱుచేసి చెప్పుట కష్టమగునంతటి పొత్తుతో వారు పనిచేసిరి. వెండి, బంగారు చెక్కుటయందును, ముద్రలు మలచుటయందును, రంగు గాజుపూత పూయుటయందును వారిద్దఱును సమర్థులని ఆ యూరి గణితపండితుడైన యోహాన్ నాయ్‌డోర్ఫర్ 1547లో వ్రాసి యుంచెను. వారు వెండితో పోసిన గడ్డిపోచలు ఊదినంతనే కదలునంత సన్ననివని ఆయన వ్రాసిన వ్రాతవలన తెలియుచున్నది.

ఒక పాత్ర యెట్లు తయారగునో తెలిసికొనినగాని ఈ పనిలోని కష్టము బోధపడదు. మొదట వెండిని కరగించి, పలకగా పోసి, గుండ్రని రేకుగా సాగగొట్టుదురు. ఆ రేకును దాగలిపై త్రిప్పుచు సుత్తితో కొట్టగా కొట్టగా గిన్నెగా లేచును. కొట్టినకొలది వెండి బిరుసెక్కును. అప్పుడు దానిని నిప్పులో కాల్చి చల్లార్చినచో మఱల మెత్తబడును. ఇట్లు పలుమాఱులు చేయవలెను. గిన్నె రూపు వచ్చిన తరువాత లోపల తారువంటి మెత్తని ముద్దను నింపి, బయటినుండి చిన్న ఉలులతో బొమ్మలు తేల్తురు. కాడ, పాదము, మూతపై ప్రతిమ వేఱుగా పోతపోసి అతుకుదురు. తుదకు బంగారమును పాదరసముతో కలిపి పైన పూసి వేడిచేయగా, రసము పొగయై పోయి బంగారుపూత నిలుచును. ఆ పొగ విషము. పాత్ర మెఱపునకు పనివాడు తన ఆరోగ్యమునే వెల చెల్లించిన సందర్భములు లేకపోలేదు.

యామ్నిట్సర్‌కు అన్నిటికంటె ఎక్కువ పేరు తెచ్చినది ప్రకృతిలోని ప్రాణులను, మొక్కలను ఉన్నవున్నట్లు వెండితో పోయుట. చచ్చిన బల్లినో, పురుగునో, చిన్న మొక్కనో తెచ్చి, దానిని బ్రతికియున్నట్లు అమర్చి, చుట్టును మెత్తని సున్నపుమట్టి ముద్దను పోయుదురు. ముద్ద గట్టిపడిన తరువాత కొలిమిలో కాల్చినచో లోపలిది బూడిదయగును. బూడిదను తొలగించి, ఆ ఖాళీలో కరగిన వెండి పోయుదురు. మన శిల్పులు మైనపు బొమ్మకు మట్టిపూత పెట్టి, మైనమును కరగించి తీసి, పంచలోహములు పోయు పద్ధతికి ఇది తోబుట్టువు. మన పద్ధతిలో శిల్పి మైనముతో చేసిన రూపము లోహమున నిలుచును; ఈ పద్ధతిలో ప్రకృతి చేసిన రూపమే నిలుచును. బల్లి చర్మముమీది పొలుసులు, ఆకులమీది ఈనెలు సైతము వెండిలో దిగును.

ఈ నేర్పంతయు 1549 నాటి ఒక గొప్ప పనిలో కానవచ్చును. అది విందు బల్ల నడుమ నిలుపు అలంకారపాత్ర. ఎత్తు సుమారు ఒక మీటరు. క్రింద పచ్చికతోను, మొక్కలతోను, చిన్న ప్రాణులతోను నిండిన నేల. ఆ నేలనుండి భూమాత లేచి నిలిచి, తన తలపై విశాలమైన పాత్రను మోయుచుండును. ఆ పాత్ర మీదినుండి సన్నని వెండిపూల గుత్తి పైకి లేచును. భూమి తల్లియై సమస్తమును మోయుచున్నదను భావమును మాటలతో పనిలేకుండ చూపిన పని యది. నగరసభవారు దానిని కొని, తమ మందిరమున భద్రపఱచిరి.

పనిలో పేరు వచ్చినకొలది పదవులును వచ్చెను. 1543లో నగరమునకు కావలసిన ముద్రలు, నాణెముల అచ్చులు చెక్కు పని ఆయనకు లభించెను. కోపర్నికస్ వ్రాసిన ఖగోళగ్రంథము న్యూరెంబర్గ్‌లోనే అచ్చయినది ఆ సంవత్సరముననే. 1552లో యామ్నిట్సర్ టంకసాలకు అధికారియయ్యెను. నాణెములో వెండి ఒక పాలు తగ్గినను ఊరంతయు మోసపోవును గావున, నిజాయితీపరుడని పేరుపడినవానికే ఆ పదవి నిచ్చెదరు. 1556లో ఆయన నగర మహాసభలోను, 1573లో పాలనాధికారము గల చిన్నసభలోను సభ్యుడయ్యెను. ఈ నడుమ 1555లో సోదరుడు అల్బ్రెఖ్ట్ మరణించెను. ఐదవ చార్లెస్, మొదటి ఫెర్డినాండ్, రెండవ మాక్సిమిలియన్, రెండవ రుడాల్ఫ్ అను నలుగురు చక్రవర్తులకు ఆయన ఒకరి తరువాత ఒకరికి పనిచేసెను. సింహాసనముపై రాజులు మారిరి. పనిశాలలో దాగలి మాఱలేదు.

ఆయన చేసిన పానపాత్రలలో ఒకదాని మూతపై రెండవ మాక్సిమిలియన్ చక్రవర్తి ప్రతిమ నిలిచియున్నది. అది నేడు బెర్లిన్ నగరపు ప్రదర్శనశాలలో కలదు. మఱియొకటి నాటిలస్ అను సముద్రజీవి గవ్వతో చేయబడినది. అది మ్యూనిక్ రాజభవనపు ధనాగారమున నున్నది. తూర్పు సముద్రములలో దొరకు ఆ గవ్వలు ఐరోపాకు ఓడలమీద చేరుచుండెను. 1505లో పోర్చుగీసువారి నౌకాదళము మన పడమటి తీరమునకు బయలుదేరినప్పుడు అందు జర్మను వర్తకులు పెట్టుబడి పెట్టిరి. వారిలో న్యూరెంబర్గ్ వర్తకులును కలరు. మిరియములతోపాటు ముత్యపుచిప్పలు, గుజరాతు పనివాండ్రు ముత్యపుచిప్ప రేకులతో చేసిన పాత్రలు, టెంకాయ చిప్పలు సైతము జర్మను కంసాలుల చేతికి చిక్కెను. మన వంటయింటి మూలలో పడియుండు టెంకాయ చిప్ప వారికి అపురూపవస్తువు. దానిపై చిత్రములు చెక్కి, వెండికాడయు మూతయు అమర్చి, ప్రభువుల బల్లపై నిలిపెడివారు. టెంకాయ చిప్పలో విషము పనిచేయదని కూడ వారు నమ్మిరి. దూరమున నున్న వస్తువునకు విలువ యెక్కువ యగుట లోకసహజము.

యామ్నిట్సర్‌ను సాటి పనివాండ్రలో వేఱుగా నిలిపినది ఆయన జ్ఞానతృష్ణ. చేయి తిరిగిన పనివాడు తన చేతిని నమ్మి తృప్తిపడుట కద్దు. ఆయన అట్లు తృప్తిపడలేదు. కంటికి అందముగా కనబడు రూపములకు మూలమున ఏ కొలత లున్నవో తెలిసికొనగోరెను. యూక్లిడ్ మున్నగు ప్రాచీన గ్రీకుల రేఖాగణితమును శ్రద్ధతో పరిశీలించెను. అన్ని ముఖములును సమానముగా నుండు ఘనరూపములు లోకమున ఐదే కలవు. నాలుగు ముఖములది, ఆఱు ముఖములది, ఎనిమిది ముఖములది, పండ్రెండు ముఖములది, ఇరువది ముఖములది. వీనిలో నాలుగింటిని నిప్పు, భూమి, గాలి, నీరు అను భూతములతోను, ఐదవదానిని ఆకాశముతోను ప్లేటో తన కాలమున పోల్చెను. మన పంచభూతముల లెక్కను తలపించు ఈ భావము యామ్నిట్సర్ మనస్సును ఆకర్షించెను.

1568లో ఆయన ఆ ఘనరూపములను గూర్చి ఒక గ్రంథము ప్రకటించి, మాక్సిమిలియన్ చక్రవర్తికి అంకితమిచ్చెను. ఒక్కొక్క రూపమును కోసియు, చెక్కియు, నక్షత్రములవలె మొనలు తేల్చియు ఇరువది నాలుగు విధముల చూపెను. ఐదు రూపములకును కలిసి 120 చిత్రములు. యోస్ట్ అమ్మాన్ అను చిత్రకారుడు వానిని రాగిరేకులపై చెక్కి అచ్చునకు సిద్ధపఱచెను. నేడు గణితశాస్త్రము చదువువారు సైతము ఆ చిత్రములను చూచి ఆశ్చర్యపడుచుందురు. నికొలా ద నెఫ్‌షాటెల్ అను చిత్రకారుడు 1560 తరువాత ఆయన రూపమును చిత్రించెను. ఆ పటము జెనీవాలో కలదు. అందు యామ్నిట్సర్ గడ్డముతో, నిదానమైన చూపుతో, చేతులలో కొలత సాధనములు ధరించి బల్లయొద్ద కూర్చుండి యున్నాడు. కొలత యెఱుగని నేర్పు గ్రుడ్డిదని ఆయన నమ్మినట్లు ఆ పటము చూచువారికి తోచును. 1585లో, అవసాన కాలమున గూడ, తాను కల్పించిన కొలత సాధనములను వివరించుచు ఒక వ్రాతప్రతిని సిద్ధపఱచెను.

ఆయన జీవితములోని అన్నిటికంటె పెద్ద పని ఒక ఫౌంటెను, అనగా నీరు పైకి చిమ్ము యంత్రశిల్పము. దానిని 1556 ప్రాంతమున మాక్సిమిలియన్‌కొఱకు మొదలిడెను. కిరీటపు రూపమున, సుమారు పది అడుగుల ఎత్తున, భూమి, నీరు, గాలి, నిప్పు, ఋతువులు, నక్షత్రములు, అన్నియు కలిసి లోకమంతయు ఒకచోట కనబడునట్లు దానిని సంకల్పించెను. పని యేండ్ల తరబడి సాగెను. ఇంతలో 1576లో మాక్సిమిలియన్ గతించెను. చేయించిన ప్రభువు దానిని చూడకయే పోయెను. ఐనను యామ్నిట్సర్ పని విడువలేదు. 1578లో ఆ ఫౌంటెను ప్రాగ్ నగరమున మాక్సిమిలియన్ కుమారుడగు రుడాల్ఫ్ చక్రవర్తికి చేరెను. మొదలిడినప్పుడు నడివయస్సువాడైన యామ్నిట్సర్‌కు అప్పటికి డెబ్బది యేండ్లు. ఇరువదియేండ్లకు మించిన శ్రమ అందు చేరియుండెను.

1585 డిసెంబరులో యామ్నిట్సర్ న్యూరెంబర్గ్‌లో మరణించెను. అచ్చటి సెయింట్ జాన్ శ్మశానవాటికలో ఆయన సమాధి కలదు. కుమారు లాయన పనిని సాగించిరి. మనుమడైన క్రిస్టోఫ్ యామ్నిట్సర్ (1563-1618) తాతకు తగిన మనుమడై, రుడాల్ఫ్ చక్రవర్తికి వెండిపాత్రలు చేసి, తన తరములో సాటిలేని కంసాలియని పేరొందెను.

ఇక ఆయన పనులకు పట్టిన గతి వినుడు. 1618లో ఐరోపాయందు మొదలైన యుద్ధము ముప్పది యేండ్లు నడిచెను. యుద్ధమునకు ధనము కావలెను. ధనమునకు వెండి కావలెను. ఆ యుద్ధమునందును, తరువాతి యిబ్బందులయందును ఎన్నియో పాత్రలు మూసల పాలయ్యెను. ఇరువది రెండేండ్లు శ్రమించి చేసిన ఫౌంటెను సైతము తరువాతి కాలమున కరగింపబడెను. దాని క్రిందిభాగమును మోయుచుండిన నాలుగు ఋతువుల ప్రతిమలు మాత్రము మిగిలినవి. అవి వియన్నా ప్రదర్శనశాలలో నున్నవి. అవి యేల మిగిలెను? అవి వెండివి కావు. బంగారుపూత పూసిన కంచువి. వెలగల లోహము కరగిపోయెను. వెల తక్కువ లోహము నిలిచెను. విలువయే వస్తువునకు శత్రువైన విపరీతము ఇట్టిది.

మన దేశమునను ఇట్లే జరిగినది. విజయనగర రాజుల కొలువులోని బంగారు వెండి పాత్రలను గూర్చి విదేశయాత్రికులు వ్రాసి పెట్టిరి. 1565లో ఆ సామ్రాజ్యము ఓటమి పొందిన తరువాత ఆ సంపద చెల్లాచెదరయ్యెను. హంపిలో రాతిపని నేటికిని నిలిచియున్నది. లోహపుపనిలో మనము చూడగలిగినది మిక్కిలి స్వల్పము. రాతిని కరగించువాడు లేడు గదా!

ఐనను భూమాత పాత్ర కథ వేఱుగా ముగిసినది. 1806లో న్యూరెంబర్గ్ తన స్వాతంత్ర్యమును కోల్పోయి బవేరియా రాజ్యమున కలిసెను. నగరము అప్పులలో మునిగి యుండెను. నగరసభవారి వెండివస్తువులను అమ్మివేయ నిశ్చయించిరి. తూకమునకు కొనువారి చేతిలో పడినచో ఆ పాత్ర కరగక తప్పదు. అప్పుడు పౌల్ వోల్ఫ్‌గాంగ్ మెర్కెల్ అను వర్తకుడు ముందునకు వచ్చి దానిని కొనెను. ఆయన పాలకుడు కాడు, పండితుడు కాడు. లాభనష్టముల లెక్క యెఱిగిన వర్తకుడు. అట్టివాడే ఆ లెక్కను ప్రక్కనబెట్టి, రెండువందల యేబది యేండ్లనాటి పనివాని మజూరీని గుర్తించెను. అందువలన ఆ పాత్రకు నేటికిని మెర్కెల్ పాత్ర యను పేరు నిలిచినది. తరువాత పలువురి చేతులు మాఱి, అది ప్రస్తుతము హాలెండు దేశమున ఆమ్‌స్టర్‌డామ్ నగరపు రైక్స్ మ్యూజియమున నున్నది. యామ్నిట్సర్ పోసిన గడ్డిపోచలు నేటికిని దానిపై తలలెత్తి నిలిచియున్నవి.

బాలలారా! ఒక వస్తువును నిలుపుటకు ఇద్దఱు కావలెను. దానిని చేయువా డొకడు. దాని విలువ తెలిసి కాపాడువాడు మఱియొకడు. యామ్నిట్సర్ చేయి లేనిచో ఆ పాత్ర పుట్టదు. మెర్కెల్ కన్ను లేనిచో అది మిగులదు. యామ్నిట్సర్ వంటి నేర్పు కోటికొకనికి గాని అబ్బదు. మెర్కెల్ చూపు అట్టిది కాదు. కోరినచో ఎవరైనను అలవఱచుకొనవచ్చును.

మీ యింట అన్నప్రాశననాటి వెండిగిన్నె యుండవచ్చును; అవ్వ పెట్టెలో పాత కమ్మల జత యుండవచ్చును. ఈ మాఱు వానిని చేతిలోనికి తీసికొన్నప్పుడు తూకముతోపాటు అంచునగల చిన్నపూవును కూడ చూడుడు. ఆ పూవును చెక్కినవాని పేరు మనకు తెలియదు. ఏ సందులోనో, ఏ దీపపు వెలుగులోనో వంగి కూర్చుండి ఊపిరి బిగబట్టి అతడు దానిని చెక్కి యుండును. త్రాసులో ఆ పూవునకు బరువు లేదు. ఐనను దానిని కరగించుటకు ముందు ఒక్క క్షణము ఆగి ఆలోచించినచో, యామ్నిట్సర్ జీవితము చదివిన ఫలము మీకు దక్కినట్లే.